‘పెట్టీ కేసే కదా’ అని తల ఊపే ముందు

సాత్తూరు, శివకాశి, వెంబకోట్టై ప్రాంతాల జనం ఏడాది పొడవునా బాణసంచా తయారుచేసి దేశమంతటికీ పంపుతారు. అదే బాణసంచాను వేళ తప్పి కాల్చినందుకు 2018 నవంబరు 6వ తేదీ దీపావళినాడు తమిళనాడంతటా రెండు వేలకు పైగా కేసులు నమోదైనవి. దీపావళి టపాసులను రాత్రి 8 నుండి 10 గంటల వరకు మాత్రమే కాల్చాలని ఆ సంవత్సరం అక్టోబరు 23న అర్జున్ గోపాల్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. తెల్లవారుజామున తలంటుకుని టపాసు ముట్టించడం తమిళనాట ఆచారం. ప్రభుత్వం ఆ సంగతి విన్నవించుకోగా, ఆ రెండు గంటలను ఎప్పుడు ఇవ్వాలన్నది రాష్ట్రం ఇష్టానికి వదిలారు. ఉదయం 6 నుండి 7, రాత్రి 7 నుండి 8 అని నిర్ణయమైంది. ఆ గంటలు దాటి కాల్చినవారిపై పోలీసులు ప్రధానంగా ప్రయోగించింది భారత శిక్షాస్మృతి 188వ సెక్షను, అనగా ప్రభుత్వాధికారి ఉత్తర్వును ధిక్కరించడం.

అప్పట్లో ఆ సెక్షను కింద శిక్ష నెల రోజుల సాధారణ కారాగారవాసం, లేదా 200 రూపాయల జరిమానా. ధిక్కారం వలన ప్రాణహాని కలిగే పరిస్థితి ఉంటే ఆరు నెలలు, లేదా వెయ్యి రూపాయలు. ఇటువంటివాటిని తెలుగువారూ తమిళులూ ఒకే మాటతో పిలుస్తారు: ‘పెట్టీ కేసు’. ఊళ్ళో పెద్దవారి సలహా కూడా ఒకటే. ‘కోర్టుకు పోయి ఒప్పుకుని, జరిమానా కట్టేసి రా నాయనా, ఒక్క పూటలో తేలిపోతుంది’ అంటారు. ఒక్క పూటలో తేలిపోయే మాట నిజమే. అయితే తేలిపోయేది కోర్టు పని మాత్రమే. ఆ పూట పలికిన ఒక్క మాట పదేళ్ళ తరువాత ఏ ఉద్యోగ దరఖాస్తులో, ఏ పాస్‌పోర్టు విచారణలో ఎదురుపడుతుందో ఆ సలహా ఇచ్చినవారికి గాని, పుచ్చుకున్నవారికి గాని తెలియదు.

మొదట ‘పెట్టీ’ అన్న మాటకు చట్టంలో ఉన్న అర్థం, జనవ్యవహారంలో ఉన్న అర్థం ఒకటి కావని గుర్తించాలి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 206వ సెక్షను ప్రకారం వెయ్యి రూపాయలకు మించని జరిమానా మాత్రమే శిక్షగా గల నేరమే పెట్టీ నేరం. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 229వ సెక్షను ఆ పరిమితిని 5,000 రూపాయలకు పెంచింది. జైలుశిక్షకు ఏ కాస్త వీలున్నా అది చట్టదృష్టిలో పెట్టీ నేరం కాదు. రెండేళ్ళకు మించని శిక్ష గలవి సమన్స్ కేసులు, అంతకు పైబడినవి వారెంటు కేసులు. కనుక జనం పెట్టీ కేసులని కొట్టిపారేసేవాటిలో చాలా భాగం నిజానికి జైలుశిక్షకు అవకాశమున్న సమన్స్ కేసులే.

ఈ ‘చిన్న’ నేరాల శిక్షలు కొత్త చట్టంలో చిన్నగా మిగలలేదు. భారతీయ న్యాయ సంహితలో పాత 188వ సెక్షను 223గా మారింది. నెల రోజులు ఆరు నెలలైనవి, 200 రూపాయలు 2,500 అయినవి. ప్రాణహాని సంగతి ఉంటే ఏడాది జైలు, 5,000 జరిమానా వరకు పోవచ్చు. బహిరంగ స్థలంలో తాగి అల్లరి చేస్తే పాత 510వ సెక్షను కింద జరిమానా 10 రూపాయలు. 1860 నాటి పది రూపాయలు నూట అరవై ఏళ్ళు పది రూపాయలుగానే నిలిచి ఉండడం ఒక విచిత్రం. ఇప్పుడు 355వ సెక్షను కింద వెయ్యి రూపాయలు, లేదా 24 గంటల జైలు, లేదా రెండూ, కాకుంటే సామాజిక సేవ. చేయిచేసుకుని స్వల్పంగా గాయపరిస్తే (పాత 323, కొత్త 115) శిక్ష ఏడాదిగానే ఉన్నా జరిమానా వెయ్యి నుండి పదివేలకు ఎక్కింది. నలుగురిలో కొట్లాటకు (పాత 160, కొత్త 194) జరిమానా వంద నుండి వెయ్యి. 2024 జూలైకి ముందు జరిగిన నేరానికి మాత్రం పాత శిక్షాస్మృతే వర్తిస్తుంది గనుక నేడు కోర్టుల్లో రెండు చట్టాల అంకెలూ పక్కపక్కనే వినబడుతున్నవి.

సామాజిక సేవ అన్న శిక్ష మన చట్టానికి కొత్తది. ఆరు రకాల నేరాలకే దానిని విధించే వీలున్నది. వాటిలో సామాన్యులకు సంబంధించినవి తాగి అల్లరి చేయడం, పరువునష్టం, ఐదువేల లోపు విలువ గల వస్తువును మొదటిసారి దొంగిలించి తిరిగి ఇచ్చివేయడం. జైలు తప్పినందుకు సంతోషించవచ్చును. కాని సామాజిక సేవ కూడా నేరం రుజువైన తరువాత విధించే శిక్షే. సేవ పూర్తి చేసినంత మాత్రాన నేరనిర్ధారణ చెరిగిపోదు.

ఇక కోర్టులో జరిగేదేమిటి? తమిళనాట కింది కోర్టుల భాష తమిళం. మేజిస్ట్రేటు ముందు నిలబడినవానికి అభియోగం సారాంశం చెప్పి, ‘కుట్రత్తై ఒప్పుకొళ్గిరీర్గళా?’ అని అడుగుతారు. తెలుగు చెవికి ఆ మొదటి మాట కుట్రలా వినిపించినా తమిళంలో దాని అర్థం నేరం. నేరం ఒప్పుకుంటున్నారా అన్నది ప్రశ్న. సాత్తూరు ప్రాంతపు తెలుగువారికి తమిళం పరాయి భాష కాదు కాబట్టి మాట అర్థం కాక ఎవరూ తల ఊపరు. అర్థమయ్యే ఊపుతారు. ఆ ఊపుడు వెంట వచ్చేదేమిటన్నదే తెలియదు. ఒప్పుకున్న మాటను, వీలైనంతవరకు అతడు పలికిన పలుకుల్లోనే రాసుకుని, దాని ఆధారంగా నేరనిర్ధారణ చేయవచ్చునని చట్టం చెబుతున్నది (పాత 252, కొత్త 275). ఒప్పుకున్నవానికి ఆ నిర్ధారణపై అప్పీలు లేదు, శిక్ష ఎక్కువైందనో చట్టవిరుద్ధమనో మాత్రం వాదించుకోవచ్చును. జరిమానా రశీదు జేబులో పెట్టుకుని బయటికి వచ్చేవాడు ‘కేసు కొట్టేశారు’ అని ఇంట్లో చెబుతాడు. కేసు కొట్టివేయబడలేదు, గెలిచింది. అతడు న్యాయస్థానం దోషిగా నిర్ధారించిన వ్యక్తి అయినాడు.

ఇందులో మరొక నష్టమున్నది. ఒప్పుకోవడంతో కేసులోని లోపాలన్నీ మరుగున పడిపోతవి. టపాసుల కేసులనే తీసుకుందాం. 188వ సెక్షను నేరాన్ని కోర్టు విచారణకు స్వీకరించాలంటే సంబంధిత ప్రభుత్వాధికారి స్వయంగా లిఖితపూర్వక ఫిర్యాదు చేయాలని క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 195వ సెక్షను శాసించింది (నేడది 215). పోలీసులు తమంత తాము ఎఫ్.ఐ.ఆర్. రాసి ఛార్జిషీటు వేస్తే చెల్లదని మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం జీవానందం కేసులో తీర్పు చెప్పింది. ఆ తీర్పు తేదీ 2018 సెప్టెంబరు 20. దీపావళి కేసులు నమోదైనది దాదాపు ఏడు వారాల తరువాత! ఆ తీర్పు గురించి విన్నవాడు మేజిస్ట్రేటు ముందు దానిని ప్రస్తావించి ఉంటే కథ మరోలా ఉండేది. రెండు వందలు కట్టి వచ్చినవానికి ఆ అవకాశం లేదు.

కాలపరిమితి సంగతీ అంతే. జరిమానా మాత్రమే శిక్షగా గల నేరాన్ని ఆరు నెలల్లోగా, ఏడాది వరకు శిక్ష గలదాన్ని ఏడాదిలోగా, మూడేళ్ళ వరకు శిక్ష గలదాన్ని మూడేళ్ళలోగా కోర్టు విచారణకు స్వీకరించాలి (పాత 468, కొత్త 514). గడువు మీరిన కేసులో సమను వస్తే మొదట చూడవలసింది తేదీలను. జాప్యానికి తగిన కారణం చూపితే కోర్టు మన్నించవచ్చును గాని, ఆ ప్రశ్న అడిగేవాడంటూ ఒకడుండాలి.

అమెరికాలో ఈ విషయం ఒక పెద్ద తీర్పుకే దారితీసింది. అక్కడ ఏడాదికి మించని శిక్ష గల నేరాలను సాధారణంగా మిస్‌డిమీనర్లంటారు. అక్కడ చదువుకుంటున్న, పనిచేస్తున్న తెలుగు యువకులకు తాగి వాహనం నడపడం, దుకాణంలో చిన్న వస్తువు జేబులో వేసుకోవడం వంటి కేసులు వీసాకే ముప్పు తెచ్చిపెడతవి. జరిమానా ఎంతన్నది అక్కడ లెక్కలోనికే రాదు. నేరం ఒప్పుకుంటే దేశం విడిచి పోవలసిరావచ్చునని విదేశీయుడైన కక్షిదారుకు ముందుగా చెప్పడం న్యాయవాది విధి అని 2010 మార్చి 31న పడిల్లా కేసులో అమెరికా సుప్రీంకోర్టు నిర్ణయించింది. మన కింది కోర్టుల్లో చిన్న కేసులో నిలబడినవాని పక్కన తరచుగా న్యాయవాదే ఉండడు. ఒప్పుకుంటే ఉద్యోగం సంగతి ఏమవుతుందో చెప్పవలసిన బాధ్యతను మేజిస్ట్రేటుపై మన చట్టం ఎక్కడా మోపలేదు.

ఆ ఉద్యోగం సంగతే అసలు సంగతి. విరుదునగరం, తూత్తుకుడి జిల్లాల పల్లెల్లో పదో తరగతి దాటిన యువకునికి అగ్గిపెట్టెల కర్మాగారం, బాణసంచా కర్మాగారం తప్పి కనిపించే మరో దారి యూనిఫాం ఉద్యోగం. కానిస్టేబులు పరీక్ష కొరకు తెల్లవారుజామున రోడ్డు మీద పరుగెత్తే కుర్రవాళ్ళు ప్రతి ఊరిలోనూ కనబడతారు. రాతపరీక్ష, శరీర దార్ఢ్య పరీక్ష నెగ్గిన తరువాత వచ్చేది పోలీసు విచారణ. తమిళనాడు స్పెషల్ పోలీసు సబార్డినేట్ సర్వీసు నిబంధనల్లో 14(బి) అన్నది ఇక్కడ చదువుకోవలసిన పాఠం. అభ్యర్థి విచారణనాటికి ఏ క్రిమినల్ కేసులోనూ ఇరుక్కుని ఉండరాదని అది చెబుతుంది. దానికిచ్చిన వివరణ మరింత కఠినం. సంశయలాభంతో నిర్దోషిగా విడుదలైనా, ఫిర్యాదుదారు మాట మార్చినందున విడుదలైనా, అభ్యర్థిని కేసులో ఇరుక్కున్నవానిగానే పరిగణిస్తారు. మద్రాసు హైకోర్టు పూర్తి ధర్మాసనం 2008లో మణికండన్ కేసులో ఈ నిబంధనను సమర్థించింది.

ఈ వివరణను మన ఊళ్ళ తగవుల పక్కన పెట్టి చూస్తే గాని దాని పదును తెలియదు. గట్టు తగాదాయో, గుడి ఉత్సవంలో తోపులాటో జరుగుతుంది. రెండు చెంపదెబ్బలు, నాలుగు తిట్లు. స్టేషనులో రాసే ఎఫ్.ఐ.ఆర్.లో 294(బి), 323, 506 అన్న మూడు అంకెలు ఒకే దండలో పూసల్లా వస్తవి (కొత్త చట్టంలో 296(బి), 115, 351). బూతుమాటకు 294(బి), దెబ్బకు 323, బెదిరింపుకు 506. తిట్టు ఎందుకు చేరుతుందో గమనించాలి. 323 ఒక్కటే అయితే మేజిస్ట్రేటు అనుమతి లేక పోలీసులు దర్యాప్తు చేయరాదు. 294(బి) జతపడితే ఆ అడ్డు తొలగిపోతుంది. పత్రంలో తిట్టు చేరడానికి ఊళ్ళో తిట్టు పుట్టి ఉండవలసిన పని కూడా లేదని న్యాయవాదులు నవ్వుతూ చెప్పుకుంటారు.

కొన్ని నెలలకు పెద్దలు కూర్చుంటారు. మామాఅల్లుళ్ళు, అన్నదమ్ములు కలిసిపోతారు. స్వల్పగాయం నేరాన్ని గాయపడినవాడు కోర్టులో రాజీ చేసుకోవచ్చును, అటువంటి రాజీకి నిర్దోషిగా విడుదలైనంత ఫలమున్నది. కాని 294(బి) రాజీకి వీలైన నేరాల జాబితాలో లేదు. ఇక మిగిలే మార్గం అందరికీ తెలిసినదే. సాక్షులు బోనెక్కి, ‘నేను చూడలేదయ్యా’ అంటారు. కేసు వీగిపోతుంది. ఊరంతా దానిని మంచి ముగింపు అనుకుంటుంది. తగవు తీర్చిన పెద్దమనిషికి పేరు కూడా వస్తుంది. కాని 14(బి) వివరణ తలుపు మూసేది సరిగ్గా ఇటువంటి విడుదలకే. బాబాయి బోనులో మాట మార్చి కుర్రవాణ్ణి కాపాడాననుకుంటాడు. ఆ మాటే అతని కానిస్టేబులు ఉద్యోగానికి అడ్డు తగులుతుంది.

దీనికి మరో దారి లేకపోలేదు. రాజీకి వీలులేని నేరాలను కూడా పక్షాలు నిజంగా కలిసిపోయినప్పుడు, అవి ఘోరమైనవి కాకుంటే, హైకోర్టు కొట్టివేయవచ్చునని 2012 సెప్టెంబరు 24న జ్ఞాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మదురై ధర్మాసనం సాత్తూరుకు బస్సు ప్రయాణం దూరంలోనే ఉన్నది. ఖర్చు ఉన్నది, నిజమే. అంతకంటె ముందు, ఆ తిట్టు అసలు చట్టం చెప్పిన అశ్లీలమా అని అడగవచ్చును. తమిళనాడు నుండే వెళ్ళిన మదనగోపాల్ కేసులో 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు, కేవలం దూషణ మాటలు 294(బి) కిందికి రావని తేల్చింది. కోపంలో పుట్టిన తిట్టు వేరు, కామవికారాన్ని రేపే అశ్లీలం వేరు. బోనులో అబద్ధమాడించే శ్రమ కంటె ఈ తీర్పును న్యాయవాది చేత చెప్పించే శ్రమ తక్కువ, గౌరవం ఎక్కువ.

కేసును దాచిపెట్టడం గురించి కూడా ఒక మాట. పాతకాలంలో చిన్న కేసు స్టేషను రిజిస్టరులో నిద్రపోయేది. ఇప్పుడు స్టేషన్లన్నీ ఒకే కంప్యూటరు వలయంలో ఉన్నవి. సున్నితమైన నేరాలు మినహా ఎఫ్.ఐ.ఆర్.లను 24 గంటల్లో ఇంటర్నెట్టులో ఉంచాలని 2016 సెప్టెంబరు 7న సుప్రీంకోర్టు ఆదేశించింది. కోవిల్‌పట్టిలో నమోదైన కేసు చెన్నైలో కనబడదనుకోవడం పాతకాలపు ధీమా. దరఖాస్తులో ‘ఎప్పుడైనా క్రిమినల్ కేసు ఉన్నదా’ అన్న గడిలో ‘లేదు’ అని రాసినవాని విషయంలో కేసు చిన్నదైనా అబద్ధం పెద్దదై కూర్చుంటుంది.

ఈ అంశంపై న్యాయస్థానాలు కొంత దయ చూపకపోలేదు. ఢిల్లీ పోలీసు ఉద్యోగానికి ఎంపికైన సందీప్ కుమార్ అనే యువకుడు, ఇరవయ్యో ఏట ఇరుక్కుని రాజీతో ముగిసిన ఒక కొట్లాట కేసును దరఖాస్తులో రాయలేదు. యౌవనంలోని తప్పును జీవితాంతం మోయించరాదన్న దృష్టితో 2011లో సుప్రీంకోర్టు అతని పక్షం వహించింది. 2016 జూలై 21న అవతార్ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం మార్గసూత్రాలు నిర్దేశించింది. చిన్న వయసులో నినాదాలు చేయడం వంటి స్వల్పనేరాన్ని దాచిపెట్టినా, యజమాని తన విచక్షణ మేరకు మన్నించవచ్చును. నిజం చెప్పినవాణ్ణి కూడా తప్పనిసరిగా తీసుకోవాలని లేదు, పూర్వాపరాలను చూసి నిర్ణయించాలి. ‘మన్నించవచ్చును’ అన్న మాటను ‘మన్నించాలి’ అని చదువుకుంటే మోసపోతారు. సందీప్ కుమార్ 1999లో దరఖాస్తు పెట్టుకున్నాడు, తుది తీర్పు వచ్చింది 2011లో. పన్నెండేళ్ళు!

గల్ఫు దేశాలకు పోదలచినవారికి పాస్‌పోర్టు చట్టం సంగతి తెలియాలి. కోర్టులో కేసు పెండింగులో ఉంటే 1967 నాటి చట్టం 6వ సెక్షను కింద పాస్‌పోర్టు నిరాకరించవచ్చును. 1993 ఆగస్టు 25 నాటి ప్రకటన ప్రకారం ఆ కోర్టు అనుమతి తెచ్చుకుంటే పరిమిత కాలానికి ఇస్తారు. శిక్ష పడినందున నిరాకరించాలంటే అది నైతిక పతనానికి సంబంధించిన నేరమై, గడచిన ఐదేళ్ళలో కనీసం రెండేళ్ళ జైలు పడి ఉండాలి. కాబట్టి రెండు వందల జరిమానా కట్టినవానికి ఈ సెక్షను అడ్డు రాదు. కాని కేసు దాచి అబద్ధపు సమాచారమిస్తే అదే చట్టం 12వ సెక్షను కింద రెండేళ్ళ వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా పడవచ్చు. నెల రోజుల నేరాన్ని కప్పిపెట్టబోయి రెండేళ్ళ నేరాన్ని తలకెత్తుకున్నట్లవుతుంది.

రోడ్డు నేరాలు మరో తరహావి. తాగి వాహనం నడిపితే 2019 సెప్టెంబరు 1 నుండి అమలైన సవరణ ప్రకారం మొదటిసారికి ఆరు నెలల జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. రెండోసారికి రెండేళ్ళు, 15,000. అగ్గిపెట్టెల కర్మాగారంలో కూలివానికి పదివేలంటే ఎన్ని వారాల కష్టమో లెక్క వేసుకోవచ్చు. ఇక బడిపిల్లల తల్లిదండ్రులు గ్రహించవలసింది 199ఏ సెక్షను. పదహారేళ్ళ కుర్రవాడు నాన్న టీవీఎస్ బండి తీసుకుని పట్టుబడితే అతని సంరక్షకుడు లేదా వాహన యజమాని దోషి అవుతాడు. మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషను ఏడాదిపాటు రద్దు. కుర్రవానికి ఇరవై ఐదేళ్ళు నిండేవరకు లైసెన్సు రాదు. తనకు తెలియకుండా తీసుకుపోయాడనో, ఆపడానికి తగినంత జాగ్రత్త పడ్డాననో తండ్రే రుజువు చేసుకోవాలి. ‘టౌనుకే కదా, పోయి పాలు పట్టుకు రారా’ అన్న మాట ఎంత దూరం పోతుందో ఇంట్లో ఎవరూ తలచరు.

పద్దెనిమిదేళ్ళ లోపువారి విషయంలో చట్టం ఇతరత్రా ఎంతో ఉదారంగా ఉన్నదని కూడా చెప్పాలి. 2015 నాటి బాలల న్యాయ చట్టం 24వ సెక్షను ప్రకారం బాల్యంలో జరిగిన నేరం వలన ఏ అనర్హతా అంటదు, ఘోరనేరాల విషయంలో పదహారు దాటినవారికి గల మినహాయింపు తప్ప. చిన్న నేరానికి బాలునిపై ఎఫ్.ఐ.ఆర్. రాయరాదనీ, డైరీలో నమోదు చేస్తే చాలుననీ 2016 నాటి నమూనా నిబంధనలు చెబుతున్నవి. బడికి పోయే పిల్లవాణ్ణి పెద్దవారితో కలిపి కేసులో చేర్చినప్పుడు తల్లిదండ్రులు వెంటనే చూపవలసింది పుట్టిన తేదీ ధ్రువపత్రం. చిత్రమేమంటే చాలామంది అది దాచి, ‘పెద్దవాడే, జరిమానా కట్టేస్తాం’ అని తొందరపడతారు.

ఈ ప్రాంతంలో చిన్న నేరానికీ పెద్ద నేరానికీ మధ్య గీత ఒత్తి దారమంత సన్ననిది. లైసెన్సు లేకుండా ఇంట్లో టపాసు ఒత్తులు చుట్టేవారు, చిన్నపాటి టపాసులు నింపేవారు అది కూడా పెట్టీ కేసేననుకుంటారు. 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం 9బి సెక్షను కింద అనుమతి లేని తయారీకి మూడేళ్ళు, దగ్గర ఉంచుకున్నందుకు రెండేళ్ళు. అది పెట్టీ కేసు కాదు. ఆ ఇంట్లో నిప్పురవ్వ పడితే చట్టం మాట అటుంచి ప్రాణాలే మిగలవు. 2021 ఫిబ్రవరి 12న సాత్తూరు సమీపంలోని అచ్చన్‌కుళంలో, లైసెన్సు పొందిన కర్మాగారంలోనే, 19 మందికి పైగా మరణించిన సంగతి ఈ ప్రాంతం మరువలేదు.

చిన్న కేసు ఎంత దూరం పోగలదో చెప్పడానికి కోవిల్‌పట్టి సబ్‌జైలును మించిన సాక్ష్యం లేదు. 2020 జూన్ 19 సాయంత్రం తూత్తుకుడి జిల్లా సాత్తాన్‌కుళంలో సెల్‌ఫోను దుకాణం నడుపుకునే జయరాజ్‌ను, ఆయన కుమారుడు బెన్నిక్స్‌ను పోలీసులు నిర్బంధించారు. కరోనా లాక్‌డౌనులో అనుమతించిన వేళ దాటి దుకాణం తెరిచి ఉంచారన్నది ఆరోపణ. ఎఫ్.ఐ.ఆర్.లో ముందున్నది అదే 188. ఆ వెనుక 269, 294(బి), 353, 506. మరునాడు మేజిస్ట్రేటు రిమాండు విధించగా వారిని కోవిల్‌పట్టి సబ్‌జైలుకు తరలించారు. 22వ తేదీ రాత్రి కుమారుడు, 23 తెల్లవారి తండ్రి మరణించారు. మదురై ధర్మాసనం స్వయంగా కేసు చేపట్టింది. దర్యాప్తు సీబీఐకి పోయింది. ఆ సంవత్సరం సెప్టెంబరులో తొమ్మిదిమంది పోలీసులపై హత్యానేరంతో ఛార్జిషీటు దాఖలైంది.

ఏడేళ్ళు, అంతకు తక్కువ శిక్ష గల నేరాల్లో యాంత్రికంగా అరెస్టు చేయరాదనీ, ముందు నోటీసు ఇచ్చి పిలవాలనీ, రిమాండు అడిగినప్పుడు మేజిస్ట్రేటు అవసరమేమిటని ప్రశ్నించాలనీ 2014 జూలై 2న అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పి అప్పటికి ఆరేళ్ళు. తీర్పు కాగితం మీద ఉన్నది. సాత్తాన్‌కుళం నుండి కోవిల్‌పట్టికి పోయిన వాహనం ఆ కాగితాన్ని దాటుకుని పోయింది. అదే లాక్‌డౌను కాలంలో నమోదైన సుమారు పది లక్షల కేసులను, హింస, మోసం వంటివి మినహాయించి, ఉపసంహరిస్తామని 2021 ఫిబ్రవరి 19న నాటి ముఖ్యమంత్రి ఎడప్పాడి పళనిస్వామి ప్రకటించారు. ఉపసంహరించదగినంత చిన్న నేరమన్నమాట!

చేసిన తప్పు నిజమే అయి, సాక్ష్యం బలంగా ఉంటే ఒప్పుకోవడంలో తప్పు లేదు. అప్పుడైనా అడగవలసింది ఒకటున్నది. 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం 3, 4 సెక్షన్ల కింద, కొన్ని నేరాలకు కోర్టు శిక్ష వేయకుండా మందలించి గాని, సత్ప్రవర్తన హామీ రాయించుకుని గాని వదిలిపెట్టవచ్చును. అలా వదిలిపెడితే నేరనిర్ధారణ వలన కలిగే అనర్హత అంటదని 12వ సెక్షను చెబుతుంది. జరిమానా రెండు వందలే కదా అని కట్టేసినవానికి ఈ రక్షణ లేదు. మందలింపు కోరుకున్నవానికి ఉన్నది. ఇంత విలువైన సెక్షనును అడిగేవారు అరుదు. అడగనిదే గుర్తుచేసే తీరిక రోజుకు ఎన్నో కేసులు చూసే మేజిస్ట్రేటుకు ఉండదు. కేసు ఎలా ముగిసినా తీర్పు నకలును ధ్రువీకరించి తెచ్చుకోవాలి. చిన్న కేసుల కాగితాలను కోర్టులు నిర్ణీత కాలం తరువాత నాశనం చేస్తవి. పదేళ్ళకు ఉద్యోగ విచారణలో ‘ఎలా ముగిసింది’ అని అడిగితే చూపడానికి ఆ నకలు తప్ప వేరొకటి మిగలదు.

న్యాయవాదికి ఇచ్చుకోలేమన్న మాట కూడా అందరి విషయంలో నిజం కాదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ శ్రీవిల్లిపుత్తూరులో జిల్లా కోర్టు వద్ద ఉన్నది. తాలూకా స్థాయిలోనూ న్యాయసేవా సంఘాలున్నవి. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షను ప్రకారం స్త్రీలకు, బాలలకు, షెడ్యూల్డు కులాల, తెగలవారికి, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయవాదిని ఇవ్వాలి. అదే జాబితాలో పారిశ్రామిక కార్మికుడు అన్న మాట కూడా ఉన్నది. సాత్తూరు అగ్గిపెట్టెల కర్మాగారంలో, వెంబకోట్టై బాణసంచా కర్మాగారంలో పనిచేసేవారు ఆ మాట కింద దరఖాస్తు పెట్టుకోవచ్చును. ఆదాయ ధ్రువపత్రం అడిగితే ఈ సెక్షనును చూపి, సమనులో ఉన్న తేదీకి ముందే దరఖాస్తు ఇవ్వాలి.